మొదటి ఫోన్ ఎవరు చేయాలి?



ఇంటి అప్పు గురించి రేడియోలో మాట్లాడమంటే ఎవరైనా అప్పు తీసుకునేవాళ్లకే సుద్దులు చెబుతారు. జీతంలో ఇంతకు మించి ఈఎంఐ ఉండకూడదు, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి, సంతకం చేసేముందు ప్రతి కాగితం చదవండి అని. మంచి మాటలే, కాదనను. ఈ పూట మాత్రం నేను బల్లకు అవతలి పక్కవాళ్లతో మాట్లాడదామనుకుంటున్నాను. అప్పిచ్చినవాళ్లతో. ఉద్యోగమంతా బ్యాంకులోనే చేసి దిగినవాణ్ణి గనుక వాళ్ల ఇబ్బందులూ తెలుసు, వాళ్లు చెప్పే సాకులూ తెలుసు.

ముందుగా ఒక వాయిదా తప్పితే లోపల ఏం జరుగుతుందో చెబుతాను. నెల ఐదో తేదీన ఖాతాలో డబ్బు లేదు, ఈఎంఐ బౌన్సయింది. ఆ రోజు నుంచే బ్యాంకు కంప్యూటరు రోజులు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. 30 రోజుల వరకు ఆ ఖాతాకు ఎస్‌ఎంఏ సున్నా అని పేరు, అంటే కన్నేసి ఉంచాల్సిన ఖాతా అని. 30 దాటితే ఎస్‌ఎంఏ ఒకటి. 60 దాటితే ఎస్‌ఎంఏ రెండు. 90 దాటిందా, ఎన్‌పీఏ. అంటే మొండి బాకీ. మేనేజరుకు జాలి కలిగినా, కలగకపోయినా ఆ ముద్ర పడి తీరుతుంది.

ముద్ర పడ్డాక 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం రంగంలోకి దిగుతుంది. ఆ చట్టం 13వ సెక్షన్ కింద బ్యాంకు నోటీసు ఇస్తుంది, 60 రోజుల్లో బాకీ కట్టమని. ఈ నోటీసు చదువుకున్నవాళ్ల మొహాలు నేను చూశాను. అలాంటి ఒకాయన లెక్కలో తను బాకీ పడింది మూడు నాలుగు వాయిదాలు. డెబ్బై వేలో, తొంభై వేలో. నోటీసులో మాత్రం ఇరవై ఎనిమిది లక్షలని ఉంటుంది. ఎందుకంటే ఆ నోటీసు అడిగేది తప్పిన వాయిదాలను కాదండీ, మొత్తం అప్పును. నెలకు ఇరవై మూడు వేలు కట్టలేకపోయిన మనిషిని రెండు నెలల్లో ఇరవై ఎనిమిది లక్షలు తెమ్మనడం! చట్టం ప్రకారం అది తప్పు కాదు. కానీ ఆ కాగితం చూసినవాడు భయంతో బ్యాంకు గడప తొక్కడం మానేస్తాడు. సరిగ్గా రావలసిన సమయంలో రాకుండా పోతాడు.

60 రోజులు గడిస్తే ఇంటి గోడకు స్వాధీన నోటీసు అంటిస్తారు. రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. అంటే మనిషి పేరు, తండ్రి పేరు, ఫ్లాటు నంబరు, బాకీ మొత్తం తెలుగు పేపర్లో వస్తాయి. బంధువులు చదువుతారు, వియ్యాలవారు చదువుతారు. తర్వాత కలెక్టరు ద్వారానో, మెజిస్ట్రేటు ద్వారానో ఇల్లు ఖాళీ చేయించి తాళం వేయవచ్చు. వేలానికి ముందు 30 రోజుల నోటీసు. ఇంత దూరం వచ్చేదాకా ఏ సివిల్ కోర్టులోనూ దావా వేయనక్కర్లేదు.

ఈ చట్టం ఎందుకు తెచ్చారో కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు తాకట్టు ఆస్తి మీద బాకీ వసూలు చేయాలంటే దావాలు ఏళ్లూ పూళ్లూ సాగేవి. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు ఎగ్గొట్టి కోర్టుల్లో కాలక్షేపం చేసేవి. వాళ్ల కోసం పదునుపెట్టిన కత్తి ఇది. అదే కత్తి కూకట్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటు కొనుక్కున్న గుమాస్తా మీదా పడుతుంది. చట్టానికి ఇద్దరూ ఒకటే. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. అయితే రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందుగా బాకీలో 75 శాతం కట్టాలన్న షరతును కొట్టేసింది. నోటీసుకు అప్పు తీసుకున్నవాడు జవాబు రాస్తే, దాన్ని చదివి, ఎందుకు ఒప్పుకోలేదో కారణాలు చెప్పాలని కూడా అంది. అది తర్వాత చట్టంలోకే ఎక్కింది. ఇప్పుడు జవాబు అందిన 15 రోజుల్లో బ్యాంకు కారణాలు రాసి పంపాలి. చాలా చోట్ల ఆ కారణాలు ఎలా ఉంటాయంటే, "మీ అభ్యర్థన పరిశీలించాం, ఆమోదయోగ్యం కాదు." అంతే. ఒక్క వాక్యం. పరిశీలించింది ఎవరో, ఏం పరిశీలించారో బ్రహ్మదేవుడికే తెలియాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇల్లు పోయేదీ నిలబడేదీ వేలం రోజున కాదు, కోర్టులోనూ కాదు. మొదటి బౌన్సుకూ 90వ రోజుకూ మధ్యన తేలిపోతుంది. ఆ మూడు నెలల్లో ఆ ఇంటికి బ్యాంకు తరఫున ఎవరు ఫోన్ చేశారు, ఏమని మాట్లాడారు అన్నదే ముఖ్యం. మన దగ్గర ఆ మొదటి ఫోన్ చాలాసార్లు కాల్ సెంటరు నుంచి వస్తుంది. రెండోది రికవరీ ఏజెంటు నుంచి. వాళ్లిద్దరికీ అడిగే హక్కే తప్ప మార్చే అధికారం లేదు. "ఈ రోజు ఎంత కడతారు?" అన్న ఒక్క ప్రశ్నే వాళ్ల దగ్గర ఉంటుంది. "ఏమైంది మీకు?" అని అడిగి, జవాబు విని, వాయిదా తగ్గించగల మనిషి ఆ ఫోన్‌కు అవతల ఉండడు. జ్వరం వచ్చినవాడి దగ్గరికి డాక్టరును పంపకుండా బిల్లు వసూలు చేసేవాణ్ణి పంపినట్టుంటుంది ఈ వరస.

రిజర్వు బ్యాంకు రికవరీ ఏజెంట్లను అదుపులో పెట్టాలని చూసింది. 2022 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. ఇవి కావలసినవే. కానీ మర్యాదగా మాట్లాడే ఏజెంటు కూడా ఏజెంటే. ఆయన ఎంత మృదువుగా అడిగినా లేని డబ్బు పుట్టుకురాదు.

బ్రాంచిలో నేను గమనించిన ఒక సంగతి చెబుతాను. వాయిదా కట్టలేనివాళ్లు బ్యాంకుకు రారని అందరూ అనుకుంటారు. వస్తారు. వచ్చి పాస్‌బుక్ ప్రింటు చేయించుకుంటారు. మిషన్ దగ్గర నిలబడి ఆఖరి పేజీ చూసుకుంటారు. బౌన్సు చార్జీ ఒకటి, దాని మీద జీఎస్టీ ఒకటి, మళ్లీ ప్రయత్నించినందుకు ఇంకో చార్జీ. మేనేజరు గది వైపు ఒకసారి చూస్తారు. లోపల ఎవరో ఉంటారు. పాస్‌బుక్ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. ఒక చిన్న ప్రింటింగు ప్రెస్సు ఆయన వరసగా మూడు నెలలు ఇలాగే వచ్చి వెళ్లాడు. నాలుగోసారి మా గుమాస్తా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఇరవై నిమిషాల్లో సంగతంతా బయటపడింది. స్కూళ్ల నుంచి రావలసిన బిల్లులు ఆగిపోయాయి, జూన్‌లో వస్తాయి. జూన్ దాకా సగం కట్టగలడు. అంతే కథ. ఆ మాట చెప్పడానికి ఆయనకు మూడు నెలలు పట్టింది, అడగడానికి మాకూ అంతే పట్టింది. నియమాలు అప్పటికే చేతులు కట్టేశాయి, 90 రోజులు దాటిపోయింది గనుక.

దాటిపోతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. ఒక వాయిదా కట్టేస్తే ఖాతా మళ్లీ మామూలైపోతుందనుకుంటారు. కాదు. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసిన మేరకు, ఎన్‌పీఏ అయిన ఖాతా తిరిగి నిలబడాలంటే పాత బకాయి అసలు, వడ్డీ పూర్తిగా, పైసాతో సహా కట్టాలి. ఎక్కడో అప్పు చేసి ఒక వాయిదా తెచ్చి కట్టినవాడు, ఆ డబ్బు పోయి, ఎన్‌పీఏ కూడా పోక, రెండు అప్పుల్లో పడతాడు. పెళ్లాం గొలుసు తాకట్టు పెట్టి ఆ ఒక్క వాయిదా తెచ్చేముందే బ్యాంకు ఆయనకు ఈ మాట చెప్పాలి కదా. డబ్బు తీసుకుని రసీదు ఇచ్చి ఊరుకోవడం న్యాయం కాదు.

వడ్డీ రేటు సంగతి ఇంకోటి. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, కాగితం పెన్సిలు ఉంటే తీసుకోండి. 30 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 7 శాతం వడ్డీ. నెలకు ఈఎంఐ 23,259 రూపాయలు. రెండేళ్లు తప్పకుండా కట్టారు. అసలు ఇంకా 28 లక్షల 52 వేలు మిగిలింది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది గుర్తుందా? మన లెక్కలో వడ్డీ అలాగే రెండున్నర పెరిగి తొమ్మిదిన్నర అయిందనుకుందాం. బ్యాంకు ఈఎంఐ పెంచలేదు, గడువు పొడిగించింది. ఖాతాదారుకు ఏ బాధా తెలియలేదు. ఇప్పుడు ఆ 23,259 రూపాయల్లో వడ్డీకే 22,579 పోతుంది. అసలు కింద జమయ్యేది 680 రూపాయలు. ఈ లెక్కన ఆ అప్పు తీరడానికి ఇంకా 37 ఏళ్లు పడుతుంది. నలభై ఏళ్ల వయసులో ఇల్లు కొన్నవాడు ఎనభై దాకా కట్టాలి! పాత గడువులోనే తీర్చాలంటే ఈఎంఐ 27,600 అవుతుంది, అంటే నెలకు 4,300 పైచిలుకు ఎక్కువ.

ఇది ఖాతాదారుకు ఎవరు చెప్పారు? ఒక ఎస్సెమ్మెస్. అదీ ఇంగ్లీషులో, ప్రకటనల మెసేజీల మధ్యన. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఈ విషయంలో గట్టి ఉత్తర్వు ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్నది ఖాతాదారుకు వదిలెయ్యాలి. స్థిర వడ్డీకి మారే వీలు కూడా ఇవ్వాలని అప్పట్లో అంది. నెల నెలా వడ్డీ కూడా తీరనంతగా గడువు సాగదీయకూడదు. అదే రోజున మరో ఉత్తర్వు కూడా వచ్చింది. ఆలస్యానికి అపరాధ రుసుము వేయవచ్చు గానీ దాన్ని వడ్డీలో కలపకూడదు, ఆ రుసుము మీద మళ్లీ వడ్డీ వేయకూడదు అని. రెండూ మంచివే. అమలు మాత్రం ఆ మెసేజీ చదివే ఖాతాదారు మీద ఆధారపడకూడదు. రేటు మారిన నెలలో బ్రాంచి నుంచి తెలుగులో ఒక పేజీ కాగితం ఇంటికి రావాలి. పాత ఈఎంఐ, కొత్త ఈఎంఐ, పాత గడువు, కొత్త గడువు. నాలుగు అంకెలు చాలు.

ఇప్పుడు బ్యాంకులవాళ్ల వైపు మాట. "మాకు జాలి లేదనుకుంటున్నారా? మేము వాయిదా తగ్గిస్తే ఆ ఖాతాను రీస్ట్రక్చర్ చేసినట్టు లెక్క. రీస్ట్రక్చర్ చేసిన మరుక్షణం దాన్ని మొండి బాకీలో చూపించాలి. కష్టంలో ఉన్నవాడికి సాయం చేసి మా పుస్తకాలు పాడుచేసుకోమంటారా?" అంటారు. ఇందులో నిజం ఉంది. నియమం అలాగే ఉంది. కొత్తగా రీస్ట్రక్చర్ చేసిన ఖాతా దిగజారక తప్పదు. కోవిడ్ సమయంలో, 2020 ఆగస్టులోనూ మళ్లీ 2021 మేలోనూ, రిజర్వు బ్యాంకు ఈ నియమాన్ని కొంతకాలం సడలించింది. రెండేళ్ల దాకా వెసులుబాటు ఇచ్చినా ఖాతాను మొండి బాకీగా చూపనక్కర్లేదని చెప్పింది. దానివల్ల బ్యాంకులేమీ కూలిపోలేదు. నా ఉద్దేశంలో సొంత ఇంటి అప్పుకు, ఒకే ఇల్లున్నవాడికి, అప్పు మొత్తం కాలంలో ఒక్కసారి, ఆరు నెలలకు మించకుండా, ఇలాంటి వీలు శాశ్వతంగానే ఉంచాలి. దీనికి మహమ్మారి రావలసిన పని లేదు. ఒక ఇంట్లో ఒక మనిషి ఉద్యోగం పోతే ఆ ఇంటికి అదే మహమ్మారి.

కోవిడ్ మారటోరియం గురించి రెండు మాటలు. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా వాయిదాలు ఆపుకోవచ్చన్నారు. చాలామంది మాఫీ అనుకున్నారు. ఆరు నెలల వడ్డీ పెరుగుతూనే ఉంది. 30 లక్షల మీద 7 శాతం లెక్కన ఆ వడ్డీయే లక్షా ఐదు వేలు. ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ వేయడం తగదని కేసులు పడితే, 2021 మార్చి 23న సుప్రీంకోర్టు వడ్డీ మీద వడ్డీ వద్దంది. వడ్డీ పూర్తిగా రద్దు చేయాలన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. అదే సమయంలో అమెరికాలో ఉన్న మనవాళ్లు వేరే పద్ధతి చూశారు. అక్కడ ప్రభుత్వ సంస్థల అండ ఉన్న ఇంటి అప్పులకు, కోవిడ్ వల్ల ఇబ్బందిలో ఉన్నామని చెబితే చాలు, 180 రోజులు, అడిగితే మరో 180 రోజులు వాయిదాలు ఆపారు. రుజువు కాగితాలు అడగలేదు. ఆగిన వాయిదాలను చాలామందికి వడ్డీ లేకుండా అప్పు చివరికి నెట్టారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇల్లున్న మీ మేనల్లుణ్ణి అడిగి చూడండి.

ఆ దేశాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 2008 తర్వాత అక్కడి బ్యాంకులు చదవకుండానే సంతకాలు చేసిన కాగితాలతో ఇళ్లు జప్తు చేశాయి. 2012లో అయిదు పెద్ద సంస్థలు 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి దిగివచ్చాయి. ఆ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నారు. 2014 నుంచి అక్కడ ఒక నియమం ఉంది. వాయిదా తప్పి 120 రోజులు దాటేదాకా జప్తు మొదలుపెట్టకూడదు. ఖాతాదారు సాయం కోసం పూర్తి దరఖాస్తు పెట్టుకుంటే, దాన్ని తేల్చకుండా జప్తు ముందుకు నడపకూడదు. ఒక చేత్తో దరఖాస్తు తీసుకుంటూ రెండో చేత్తో వేలం ప్రకటన ఇవ్వడం కుదరదన్నమాట. బ్రిటన్‌లో 2023 జూన్‌లో చాలా బ్యాంకులు ప్రభుత్వంతో ఒక ఒడంబడికకు వచ్చాయి. మొదటి వాయిదా తప్పిన ఏడాది లోపల, ఇంటాయన ఒప్పుకుంటే తప్ప, ఇల్లు స్వాధీనం చేసుకోబోమని.

మనకు ఏడాది అక్కర్లేదేమో. బ్యాంకులో ఉన్నది కూడా జనం డబ్బే. రిటైరైన మాస్టారి ఫిక్స్‌డ్ డిపాజిట్టు అందులోనే ఉంది. కావాలని ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు. కొన్న ఫ్లాటు అద్దెకిచ్చి, ఆ అద్దె తింటూ, వాయిదా కట్టనివాణ్ణి నేనెరుగుదును. అలాంటివాడి మీద సర్ఫేసీ కత్తి దూయండి, నేను అడ్డురాను. కానీ అలాంటివాణ్ణీ ప్రింటింగు ప్రెస్సు ఆయన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఇద్దరి మధ్య తేడా తెలియాలంటే ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాలి. అది 30వ రోజు లోపల జరగాలి. మాట్లాడే మనిషి బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి, వాయిదా మార్చే అధికారం ఆయనకు ఉండాలి, ఆయన పేరూ ఫోన్ నంబరూ ఖాతాదారు చేతిలో ఉండాలి. నెలకో మనిషి మారితే ప్రతిసారీ రామాయణం మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఇంటి యజమాని చనిపోయిన ఇళ్ల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. అప్పు ఇచ్చేటప్పుడే చాలామందికి బీమా అంటగడతారు. ప్రీమియం కూడా అప్పులోనే కలుపుతారు. మనిషి పోయాక ఆ పాలసీ ఒకటుందని భార్యకు తెలియదు. ఆవిడ సహ రుణగ్రహీతగా సంతకం చేసింది గనుక వాయిదాల కోసం ఆవిడకు ఫోన్లు మొదలవుతాయి. పాలసీ అమ్మింది బ్యాంకు. కమిషన్ తీసుకున్నది బ్యాంకు. క్లెయిమ్ ఫారం తీసుకుని ఆ ఇంటికి వెళ్లాల్సింది కూడా బ్యాంకే. అది తేలేదాకా వసూలు ఫోన్లు ఆపాలి.

ఇంకో చిన్న మాట. అప్పు చాలావరకు తీరిపోయి, బాకీ అసలూ వడ్డీల్లో 20 శాతం కంటే తక్కువే మిగిలితే, సర్ఫేసీ కింద ఆ ఇంటి మీద చర్య తీసుకోవడానికి 31వ సెక్షన్ ఒప్పుకోదు. ఇది ఖాతాదారులకు తెలియదు, కొందరు అధికారులకూ గుర్తుండదు. చర్య మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ ట్రిబ్యునళ్లు ఉన్న ఊళ్లు హైదరాబాదు, విశాఖపట్నం. మారుమూల మండలం నుంచి లాయరును పెట్టుకుని అంత దూరం తిరగడం వాయిదా కట్టలేనివాడికి అయ్యే పనేనా? అందుకే ఈ తగువు బ్రాంచిలోనే తెగాలని నా పట్టు.

అన్నీ చేసినా ఇల్లు నిలబెట్టలేని సందర్భాలుంటాయి. అప్పుడు కూడా పద్ధతి ఉంది. తాళం వేసి వేలం వేసేకంటే, ఆరు నెలలు గడువిచ్చి వాళ్లనే అమ్ముకోనివ్వడం మేలు. మనుషులు కాపురముంటున్న ఇంటిని యజమాని దగ్గరుండి చూపిస్తే వచ్చే ధర, గోడకు నోటీసున్న ఇంటికి రాదు. ధర బాగా వస్తే బ్యాంకుకూ మంచిదే. వేలమే వేయాల్సి వస్తే ఇంటి విలువ కట్టిన నివేదిక కాపీ ఆ కుటుంబానికి ఇవ్వాలి. ఏ ధర దగ్గర పాట మొదలుపెడుతున్నారో, ఎందుకో వాళ్లకు తెలియాలి. వేలంలో వచ్చిన డబ్బులో ముందు ఖర్చులు, తర్వాత బాకీ పోగా, మిగిలింది ఇంటాయనదేనని అదే 13వ సెక్షన్ చెబుతోంది. ఆ మిగులు కోసం ఆయన దరఖాస్తులు పట్టుకుని తిరగకూడదు. పాట ఎంతకు పోయింది, ఖర్చులు ఎంత, ఒక్కో ఖర్చు దేనికి, బాకీ ఎంత, మిగిలింది ఎంత, ఏ తేదీన ఏ ఖాతాలో వేశారు. ఇవన్నీ తెలుగులో రాసిన కాగితం, వేలం డబ్బు పూర్తిగా జమైన వారంలో, బ్యాంకే ఆయన కొత్త అద్దె ఇంటి చిరునామా కనుక్కుని మరీ పంపాలి.